బీబీసీ మైక్రో కోసం మిస్టర్ బోర్డు: మూడేళ్లు వాడాక

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా మా బడికి రెండు బీబీసీ మైక్రోలు (1980ల నాటి బ్రిటిష్ కంప్యూటర్లు) వచ్చాయి, బడుల్లో కంప్యూటర్లు నేర్పడానికి ప్రభుత్వం 1984లో మొదలుపెట్టిన క్లాస్ ప్రాజెక్టు పుణ్యమా అని. చెప్పులు బయట విడిచి, వారానికో గంట, ఒక్కో మెషీన్ ముందు ఆరుగురం. నా వంతు వచ్చేసరికి గంట కొట్టేసేవారు. ఆ కసి తీరకే మూడేళ్ల కిందట మిస్టర్ కట్టుకున్నాను. పాత కంప్యూటర్ల సర్క్యూట్లను ఒక చిప్పులో మళ్లీ కట్టి నడిపే పెట్టె అది. డీఈ10-నానో బోర్డు, మెమరీ, డబ్బా, సుంకం అన్నీ కలిపి 30 వేలు దాటింది. ఇంట్లో సగమే చెప్పాను.

ల్యాప్‌టాప్‌లో ఎమ్యులేటర్, అంటే పాత కంప్యూటర్‌లా నటించే ప్రోగ్రాం, ఉచితంగా దొరుకుతుండగా ఇదెందుకు? ఎమ్యులేటర్ బీబీసీలోని 6502 ప్రాసెసర్ ఆదేశాలను ఒక్కొక్కటిగా చదివి ఆ పని తను చేసి పెడుతుంది. బోర్డు మీదున్న సైక్లోన్ 5 చిప్పులోనైతే ఎలా కావాలంటే అలా కలుపుకోగల చిన్న చిన్న లాజిక్ ఎలిమెంట్లు 1,10,000 ఉన్నాయి. వాటితో ప్రాసెసర్, వీడియో చిప్పు, టైమర్లు సర్క్యూట్లుగా ఏర్పడి అన్నీ ఒకేసారి నడుస్తాయి. అలాగని ఇది అసలు మెషీనేమీ కాదు. ఆ సర్క్యూట్లు ఎలా ఉండాలో చెప్పే కోర్ కూడా ఒక మనిషి రాసిందే. ఆయన చిప్పును తప్పుగా అర్థం చేసుకుంటే ఆ తప్పే సర్క్యూట్ అవుతుంది.

1984 నాటి ఎలీట్ ఆట స్క్రీన్ గీస్తుండగానే టైమర్‌తో డిస్‌ప్లే మోడ్ మారుస్తుంది: పైన నలుపు తెలుపు, కింద రంగులు. బోర్డులోనూ ఎమ్యులేటర్‌లోనూ ఆ మారే చోట గీత చెదరలేదు. కచ్చితత్వంలో మంచి ఎమ్యులేటర్‌కి వంక పెట్టలేం.

భీమవరంలో ఇంజనీరింగ్ చదివే మా మేనల్లుడు పండక్కొచ్చి, "మావయ్యా, కళ్లు మూసుకోండి, ఏది పెట్టానో చెప్పండి చూద్దాం" అన్నాడు. రెండూ ఒకే మానిటర్‌కి. పదిసార్లలో ఆరుసార్లు సరిగ్గా చెప్పాను. బొమ్మాబొరుసూ వేసినా అన్ని వస్తాయి. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

తప్పు నాదే. బీబీసీ సెకనుకి 50 ఫ్రేములు ఇస్తుంది, మానిటర్ 60 చూపిస్తుంది. ప్రతి ఐదో ఫ్రేము రెండుసార్లు వస్తుంది, అందుకే బొమ్మ పక్కకి జరిగేటప్పుడు కుదుపు. బోర్డు మొదటి సెట్టింగుల్లోనే ఈ 60 ఉంది, పైగా ఫ్రేములు నిలవబెట్టి పంపుతుంది. నిలవున్న ఒక్కో బీబీసీ ఫ్రేముకి 20 మిల్లీసెకన్ల ఆలస్యం. డబ్బు పెట్టి కొన్న తేడా అక్కడే పోయింది. సెట్టింగుల ఫైలులో నిలవ తీసేసి 50 ఇమ్మంటే మానిటర్ నల్లబడి కూర్చుంది.

అప్పుడు గుర్తొచ్చింది అటక మీది 21 అంగుళాల పెట్టె టీవీ. మన టీవీలు పాల్ పద్ధతివి, అంటే సెకనుకి 50 సార్లే, 50 హెర్ట్జే. అమెరికావాళ్లు వెతుక్కునేది మన అటకల మీద దుమ్ము కొట్టుకుంటోంది! వెనకాల కాంపొనెంట్ సాకెట్లు కూడా ఉన్నాయి. బోర్డు అనలాగ్ అవుట్‌పుట్ అక్కడ కలిపాక కుదుపు పోయింది. కీ నొక్కితే అక్షరం వేలికి అంటుకున్నట్టు పడింది. మేనల్లుడు మళ్లీ వచ్చి చూసి, "ఆయ్, ఇప్పుడు తెలుస్తోందండీ" అన్నాడు.

ఇక కోనసీమ కష్టాలు. మాది రాజోలు వైపు, ఉప్పుగాలి. రెండో వర్షాకాలంలో ఆటలు ఉన్నట్టుండి ఆగిపోవడం మొదలైంది. మెమరీ టెస్టు పెడితే తప్పుల లెక్క పెరుగుతూనే ఉంది. మెమరీ బోర్డు పీకి, పిన్నులకి పట్టిన చిలుము స్పిరిట్‌తో తుడిస్తే సర్దుకుంది. ఇప్పుడది ఏటా జూన్ పని. కరెంటు పోయి రెండుసార్లు ఎస్డీ కార్డు పాడైంది. ల్యాప్‌టాప్‌కి బ్యాటరీ ఉంది, ఆ గొడవ లేదు.

ఇంకో చికాకు ఎఫ్12 కీ. నా ఎమ్యులేటర్‌లో అది బీబీసీని రీసెట్ చేసే బ్రేక్ కీ, మిస్టర్‌లో మెనూ. వేళ్లకి ఇప్పటికీ అలవాటు కాలేదు.

బేసిక్ భాషలో ప్రోగ్రాం రాయాలంటే ల్యాప్‌టాపే తెరుస్తాను. ఎక్కడ ఆపితే అక్కడ దాచుకోవచ్చు, కాపీ చేసుకోవచ్చు. ఆడుకోవాలంటే బోర్డు, అదీ ఆ టీవీతోనే. అలాంటి టీవీ గానీ, 50 తీసుకునే మానిటర్ గానీ లేనివాళ్లు ఆ 30 వేలు ఖర్చు పెట్టకండి. మా ఊళ్లో టీవీలు బాగుచేసే ఆయన ఇప్పుడు సీసీ కెమెరాలు బిగిస్తున్నాడు. ఆయన దగ్గర మూలన ఇలాంటి టీవీయే ఇంకోటుంది, విడిభాగాలకి అడిగి ఉంచాను.