అన్నపూర్ణ చుట్టూ నడక: ఎక్కడ నడవాలి, ఎక్కడ జీపు ఎక్కాలి

నేపాల్‌లో అన్నపూర్ణ పర్వతశ్రేణిని చుట్టి సాగే నడకదారి అయిన అన్నపూర్ణ సర్క్యూట్‌ను విదేశీయులకు తెరిచింది 1977లో. అప్పట్లో చాలావరకు కాలిబాటగానే ఉన్న ఈ దారిలో ఇప్పుడు రెండు చివరల నుంచీ మట్టి రోడ్డు పైదాకా వచ్చింది కనుక, ఇక నడవడంలో అర్థం లేదని కొందరు అంటారు. దారి నడిచి వచ్చాక నేను ఆ మాటతో ఏకీభవించలేకపోతున్నాను. సముద్ర మట్టానికి 760 మీటర్ల ఎత్తున ఉన్న బేసిసహర్ దగ్గరి వరి మడుల నుంచి 5,416 మీటర్ల థొరాంగ్ లా కనుమ వరకు, అక్కడి నుంచి ముస్తాంగ్ ప్రాంతపు ఎండు నేలల మీదుగా మళ్లీ అడవుల్లోకి దిగే ఈ దారిలో ప్రకృతి రోజురోజుకూ మారిపోతుంది. దీనికి కారణం అన్నపూర్ణ శ్రేణే. రుతుపవన మేఘాలను అది అడ్డుకోవడం వల్ల దక్షిణాన ఉన్న లుమ్లేలో ఏటా 5,000 మిల్లీమీటర్లకు పైగా వాన పడితే, ఉత్తరాన ఉన్న ముస్తాంగ్‌లో నేల బీడుగా మిగిలిపోయింది.

బేసిసహర్ నుంచి ధారాపాని వరకు జీపులో వెళ్లడమే మంచిదని నా అభిప్రాయం. కొండను తొలిచి వేసిన ఆ రోడ్డుపై కుదుపులు తప్పవు గానీ, జీపులు లేపే దుమ్ములో నడవడం కంటే అదే మేలు. అయితే అదే జీపులో నేరుగా మనాంగ్ దాకా వెళ్లిపోవడం మాత్రం ప్రమాదకరం, ఎందుకంటే 3,540 మీటర్ల ఎత్తుకు ఒక్కసారిగా చేరితే శరీరం తట్టుకోదు. మేము చామే తరువాత పూర్తిగా నడకకే కట్టుబడ్డాము.

మొత్తం దారిలో అత్యుత్తమమైన భాగం ఎగువ పిసాంగ్ నుంచి ఘ్యారు, ఙవల్ గ్రామాల మీదుగా సాగే పై బాట. కింద లోయలో రోడ్డు పక్కనున్న దిగువ పిసాంగ్‌లో గదులు కొంత సౌకర్యంగా ఉంటాయి. ఎగువ గ్రామంలో పలుచని చెక్క గోడల గదులు, భోజనశాలలో ఒక్క పొయ్యి చుట్టూ చేరే అతిథులు, చల్లటి నీళ్లు. అయినా పైనే బస చేయండి. 7,937 మీటర్ల రెండవ అన్నపూర్ణ శిఖరం ఎదురుగా నిలిచి ఉంటుంది. పైగా ఘ్యారు ఎక్కుడు నిట్టనిలువుగా ఉండి ఊపిరి సలపనివ్వకపోయినా, ఎత్తుకు ఎక్కి తిరిగి కొంచెం దిగి నిద్రించడం వల్ల శరీరం ముందున్న కనుమకు సిద్ధమవుతుంది.

ఈ బసల పద్ధతి ముందే తెలిసి ఉండాలి. గది అద్దె నామమాత్రంగా ఉంటుంది గానీ, రాత్రి భోజనం, ఉదయం ఫలహారం అక్కడే చేయాలన్నది షరతు. పప్పు, అన్నం, కూరతో వచ్చే దాల్ భాత్‌ను అడిగినన్నిసార్లు వడ్డిస్తారు కాబట్టి శాకాహారులకు ఏ ఇబ్బందీ లేదు. ఎత్తు పెరిగేకొద్దీ ధరలు పెరుగుతాయి, వేడినీళ్లకూ ఫోన్ చార్జింగ్‌కూ విడిగా చెల్లించాలి. మనాంగ్ వైపు ఏటీఎంలను నమ్ముకోకుండా నగదు వెంట ఉంచుకోవాలి. భారతీయులకు వీసా అవసరం లేదు గానీ, అన్నపూర్ణ సంరక్షణ ప్రాంత ప్రవేశ అనుమతి తప్పనిసరి. సార్క్ దేశాల వారికి దాని రుసుము తక్కువ.

మనాంగ్‌లో కనీసం రెండు రాత్రులు ఉండాలి. హిమాలయన్ రెస్క్యూ అసోసియేషన్ 1981 నుంచి ఇక్కడ వైద్య కేంద్రాన్ని నడుపుతోంది. యాత్రా కాలంలో మధ్యాహ్నాలు అక్కడి వైద్యులు ఎత్తు వల్ల వచ్చే అస్వస్థత గురించి చెప్పే విషయాలను వినకుండా ముందుకు కదలవద్దని గట్టిగా కోరుతున్నాను. ఇక్కడి నుంచి 4,919 మీటర్ల ఎత్తున ఉన్న తిలిచో సరస్సుకు వెళ్లే దారి అద్భుతమైనదే అయినా, రాళ్లు జారే వాలుల మీదుగా సాగుతుంది కనుక తలతిరుగుడు ఉన్నవారు మానుకోవాలి.

కనుమ దాటే ముందు రాత్రి దాని కిందనున్న బస థొరాంగ్ ఫేదీలో ఉండాలా, ఇంకా పైనున్న హై క్యాంప్‌లోనా అన్నది అందరూ అడిగే ప్రశ్న. హై క్యాంప్‌లో పడుకుంటే మర్నాటి ఎక్కుడు తగ్గుతుంది గానీ, అంత ఎత్తున నిద్ర పట్టడం కష్టం. నేను ఫేదీకే ఓటు వేస్తాను. పొద్దెక్కేకొద్దీ పైన గాలి తీవ్రమవుతుంది కాబట్టి తెల్లవారకముందే బయలుదేరాలి. వాతావరణం బాగా లేదని బస యజమానులు చెబితే ఎంత నష్టమైనా ఆగిపోవాలి. 2014 అక్టోబరు 12న విశాఖను కుదిపేసిన హుద్‌హుద్ తుపాను శేషమే రెండు రోజుల తరువాత ఈ కొండలపై మంచుతుపానుగా కురిసి, నలభై మందికి పైగా ప్రాణాలు తీసింది.

కనుమ నుంచి దాదాపు 1,600 మీటర్లు దిగితే ముక్తినాథ్. వైష్ణవులు 108 దివ్యదేశాలలో సాళగ్రామంగా లెక్కించే క్షేత్రమిది. 108 ధారల కింద స్నానం చేసే తెలుగు యాత్రికులు ఇక్కడ కనిపిస్తూనే ఉంటారు. సౌకర్యమైన గదులు గుడి దగ్గరి ఊరు రాణీపౌవాలో దొరుకుతాయి గానీ, ఒక రాత్రి కాగ్‌బేనిలో గడపడం నాకు ఎక్కువ నచ్చింది. ఇరుకు వీధులు, మట్టి ఇళ్లు, వాటి పక్కనే కాళీగండకి నది. ఆ లోయలో మధ్యాహ్నం నుంచి వీచే గాలి కళ్లు తెరవనివ్వదు. అదే లోయలోని జోమ్‌సోమ్ పట్టణానికి విమానాలు ఉదయం పూటే ఎగరడానికీ కారణం అదే.

మార్ఫాలో ఆపిల్ తోటల మధ్య ఒక రోజు ఆగి, అక్కడి నుంచి తాతోపాని వేడినీటి ఊటల దాకా బస్సులో వెళ్లడం మంచిది. తాతోపాని నుంచి 2,870 మీటర్ల ఘోరేపాని దాకా ఉన్న సుదీర్ఘమైన ఎక్కుడును మార్చి, ఏప్రిల్‌లలో లాలీగురాస్ (రోడోడెండ్రాన్) పూల కోసం ఎక్కవచ్చు. మిగతా కాలాల్లో, ముఖ్యంగా రోజులు తక్కువగా ఉన్నవారు, ఘోరేపాని పైనున్న పూన్ హిల్ కొండ మీది సూర్యోదయపు జనసమ్మర్దాన్ని వదిలేసి తాతోపాని నుంచే పోఖరాకు వెళ్లిపోయి, ఆ మిగిలిన రోజులను ముందే మనాంగ్‌కు కేటాయించుకోవాలి.