విమానాల జోక్యం పట్టడానికి ఫీల్డ్‌ఫాక్స్ ఎన్9917బి: ఒక్కటే సరిపోదు

విమానాల శాటిలైట్ టెర్మినళ్ల సిగ్నల్ నేల మీద టవర్ నుంచి టవర్‌కు నడిచే మైక్రోవేవ్ లింక్‌లోకి చొరబడుతోందేమో పట్టాలా? అందుకు కీసైట్ ఫీల్డ్‌ఫాక్స్ (చేతిలో పట్టే స్పెక్ట్రమ్ ఎనలైజర్) కొనేటప్పుడు మొదట మోడల్ నంబరు చూసుకోండి. ఎన్9916బి 14 గిగాహెర్ట్జ్ దగ్గర ఆగిపోతుంది, విమానాలు ఉపగ్రహానికి పంపే కేయూ బ్యాండ్ అప్‌లింక్ (14–14.5) మొదలయ్యేదే అక్కడ. ఈ పనికి 18 గిగాహెర్ట్జ్ దాకా వెళ్లే ఎన్9917బి కావాలి. ప్రీయాంప్, స్పెక్ట్రోగ్రామ్ (సిగ్నల్‌ను కాలక్రమంలో చూపే చిత్రం), రియల్ టైమ్ ఆప్షన్లు కూడా ఉన్నాయో లేదో అడిగి తీసుకోండి. 27.5–29.5 గిగాహెర్ట్జ్ కేఏ బ్యాండ్ టెర్మినళ్లకు మాత్రం ఇది అందదు, 26.5 మోడలూ అందదు.

ఫ్యాన్ లేదు, టవర్ మీదికి తీసుకెళ్లగలిగే బరువే. స్పెక్ట్రోగ్రామ్ తెర చక్కగా ఉంది. అసలు చిక్కు సున్నితత్వం దగ్గర వస్తుంది.

ఐటీయూ-ఆర్ ఎం.1643 సిఫార్సు ప్రకారం విమానం నుంచి నేల లింక్‌కు చేరే పవర్ దిగ్మండలం దగ్గర ప్రతి మెగాహెర్ట్జ్‌కు చదరపు మీటరుకు -132 డీబీడబ్ల్యు దాటకూడదు. 40 డిగ్రీల దాకా డిగ్రీకి అర డీబీ చొప్పున సడలింపు. 0.6 మీటర్ల డిష్ మెయిన్ బీమ్‌లో పడితే అది సుమారు -109 డీబీఎం. నాయిస్ ఫిగర్ (పరికరం తనంతట కలిపే నాయిస్ కొలత) 5 డీబీ ఉన్న రిసీవర్ సొంత నాయిస్ కూడా దాదాపు అంతే. అంటే విమానం నిబంధన తప్పకపోయినా ఫేడ్ మార్జిన్‌లో (సిగ్నల్ తగ్గినా లింక్ నిలిచేందుకు ఉంచుకున్న మిగులులో) 3 డీబీ పోవచ్చు. ఎండరోజు తెలియదు, వానలో తెలుస్తుంది.

చేతి ఎనలైజర్ల నాయిస్ ఫ్లోర్ ప్రీయాంప్ వేసినా ఆ మట్టానికి దిగదు. కాబట్టి డిష్ నుంచి రేడియో విప్పి, డబ్ల్యుఆర్-62 వేవ్‌గైడ్ అడాప్టర్ బిగించి, దానికి ఆనించే 30–35 డీబీ గెయిన్, 2 డీబీ లోపు నాయిస్ ఫిగర్ ఉన్న ఎల్ఎన్ఏ (తక్కువ నాయిస్ యాంప్లిఫయర్) పెట్టండి. కేబుల్ తర్వాత పెడితే కేబుల్ లాస్ అంతా నాయిస్ ఫిగర్‌కే కలుస్తుంది. అవతలి టవర్ ట్రాన్స్‌మిటర్ ఆపించకపోతే దాని క్యారియర్ కిందే అంతా దాగిపోతుంది. చాలామంది తప్పేది ఇక్కడే.

ఎనలైజర్ సెట్టింగులు: ఆర్‌బీడబ్ల్యు (రిజల్యూషన్ బ్యాండ్‌విడ్త్) 100 కిలోహెర్ట్జ్, పీక్ డిటెక్టర్. విమాన టెర్మినళ్లు చాలావరకు బర్స్టులుగా పంపుతాయి, మామూలు స్వీప్ వాటిని జారవిడుస్తుంది. రియల్ టైమ్ మోడ్ అందుకే. మ్యాక్స్ హోల్డ్ (అత్యధిక విలువనే నిలిపి చూపేది) సిగ్నల్ వచ్చిందని చెబుతుంది గానీ ఎప్పుడొచ్చిందో చెప్పదు. స్పెక్ట్రోగ్రామ్ రికార్డు చేయండి.

11 కిలోమీటర్ల ఎత్తున, 300 కిలోమీటర్ల దూరంలో బీమ్‌కు అడ్డంగా వెళ్లే విమానం దిగ్మండలానికి ఒక డిగ్రీ పైన ఉంటుంది. 2.3 డిగ్రీల బీమ్‌ను దాటడానికి దానికి 50 సెకన్ల దాకా పడుతుంది. లింక్ లాగ్‌లో ఆర్ఎస్ఎల్ (అందుకునే సిగ్నల్ మట్టం) కదలకుండా ఎర్రర్లు పెరిగితే జోక్యం, ఆర్ఎస్ఎల్ కూడా పడితే ఫేడింగ్. పక్కనే 1090 మెగాహెర్ట్జ్ ఏడీఎస్-బి (విమానాలు తమ స్థానాన్ని ప్రసారం చేసే వ్యవస్థ) రిసీవర్ నడిపి, రెండింటి గడియారాలూ జీపీఎస్‌కు కట్టి సరిచూడండి. స్పెక్ట్రోగ్రామ్‌లో ఏ విమానంతోనూ సమయం కలవని మచ్చ కనిపిస్తే పొరుగు లింక్‌ను అనుమానించండి.