రోజూ కట్టిన పాత గద్వాల చీరలు: అతుకు నిలిచింది, నూలు చిరిగింది

గద్వాల చీరను తిరగేసి, నూలు బాడీ అయిపోయి పట్టు అంచు మొదలయ్యే చోట వేలితో తడిమి చూడండి. సన్నటి గీత తగులుతుంది. దగ్గర పెట్టుకుని చూస్తే బాడీ పేక (అడ్డంగా నేసే దారం), అంచు పేక మగ్గం మీదే ఒకదాన్నొకటి మెలేసుకుని వెనక్కి తిరిగిన జాడ కనిపిస్తుంది. రెండంచుల చీరకు ఇలా మూడు నాడెలు (పేక దారాన్ని అటూ ఇటూ నడిపేవి) నడవాలి. గుడి గోపురాల వరసలా ఉండే కుంభం అంచైతే ఆ మెలిక మెట్లు మెట్లుగా ఎక్కి దిగుతుంది. పాత చీరల పిచ్చి నాకు పట్టింది ఈ అతుకు వల్లే.

నా దగ్గరున్నవి ఎక్కువగా 1970లు, 80ల నాటివి. కొన్ని పిన్ని, పెద్దమ్మ ఇచ్చినవి, కొన్ని తెలిసినవాళ్ల దగ్గర కొన్నవి. బీరువాలో దాచుకునే ఉద్దేశం నాకు లేదు. కర్నూలులో కాలేజీకి పాఠం చెప్పడానికి ఇవే కట్టుకుని వెళ్తాను. ఏప్రిల్‌లో 40 డిగ్రీలు దాటిన మధ్యాహ్నం, ఫ్యాను కూడా సరిగా తిరగని గదిలో నిలబడి చెప్పాలంటే నూలు బాడీ ఎంత హాయో కట్టినవాళ్లకే తెలుసు. ఒంటికి నూలు, చూసేవాళ్లకు పట్టు. కుచ్చిళ్లు పొద్దున పెట్టినవి సాయంత్రం దాకా అలాగే నిలబడతాయి, ఎందుకంటే అంచు బరువు వాటిని కిందికి లాగి పట్టుకుంటుంది. ఈ బరువు సంగతి మళ్లీ వస్తుంది.

పోయినేడు ఇంటర్నల్ పరీక్షలప్పుడు ఇన్విజిలేషన్‌లో ఉన్నాను. గంధం రంగు బాడీకి మెరూన్ కుంభం అంచున్న చీర, పిన్ని ఇచ్చింది. బెంచీ కింద పడ్డ పేపరు తీద్దామని వంగాను. పర్రుమంది. గది నిశ్శబ్దంగా ఉండటంతో ముందు వరస పిల్లలు తలెత్తి చూశారు. మోకాలి కింద, అంచు వెంబడే జానెడు చిరుగు. బెల్లు కొట్టగానే స్టాఫ్ రూమ్‌కి వెళ్తే పక్క డిపార్ట్‌మెంట్ ఆవిడ, "ఉండక్కా, కదలకు" అని కుచ్చిళ్లు విప్పి, ఒక మడత ఎక్కువ తీసి, చిరిగిన చోటు లోపలికి పోయేలా మళ్లీ పెట్టింది. అయినా అడుగు పెద్దదిగా వేస్తే ఇంకా చిరుగుతుందేమోనని ఇంటికి చేరేదాకా టెన్షనే.

రాత్రి చీరను మంచం మీద పరిచి దీపం కింద చూశాను. చిరుగు అతుకుకు గోధుమ గింజంత దూరంలో మొదలై, దాని పక్కనే నడిచింది. అతుకును మాత్రం ఎక్కడా తాకలేదు. ఇన్నేళ్ల తర్వాత కూడా మెలికలు పళ్లు బిగించినట్టే ఉన్నాయి. బాధలోనూ ముచ్చటేసింది.

తర్వాత గద్వాల వెళ్లినప్పుడు దాన్ని ఒక నేతగాళ్ల ఇంటికి తీసుకెళ్లాను. పెద్దాయన చీరను గుమ్మం దగ్గర వెలుతురుకు పట్టి, రెండు బొటనవేళ్లతో అతుకును అటూ ఇటూ లాగి చూశాడు. "అతుకు ఏడా కదల్లేదమ్మా. నూలే సచ్చింది" అన్నాడు. పట్టూ జరీ కలిసిన అంచు బరువైనది, సాగదు. కూర్చున్నా, వంగినా, ఆ లాగుడంతా పక్కనున్న నూలే మోయాలి. పైగా ఉతికిన ప్రతిసారీ గంజి పెట్టి, ఏళ్ల తరబడి ఒకే మడతలో ఉంచిన చీర అది. గంజితో బిరుసెక్కిన దారం మడత దగ్గర విరుగుతుంది. అంచు కత్తిరించి కొత్త బాడీకి కుట్టిస్తే ఇంకో తరం కట్టుకోవచ్చని కూడా ఆయనే చెప్పాడు. నాకు మనసొప్పలేదు. కొత్త బాడీకి కుడితే అక్కడుండేది మిషన్ కుట్టే కదా! వెనక పల్చటి మల్లు గుడ్డ వేయించి, రఫూ చేయించాను. ఇప్పుడు ఆ చీర పేరంటాలకు మాత్రమే.

పాత గద్వాల కొత్తదానికన్నా గట్టిదని కనబడ్డ ప్రతివాళ్లకూ చెప్పేదాన్ని. ఇప్పుడు ఆ మాట అంచు వరకే చెప్తాను. బాడీ సంగతి ఆ చీర ఎవరి చేతుల్లో పెరిగిందన్నదాన్ని బట్టి ఉంటుంది. కొనేముందు జరీ మెరుపు తర్వాత చూడొచ్చు, ముందు అంచు పక్క నూలును వెలుతురుకు పట్టండి. దారాలు పల్చబడి సందులు కనిపిస్తే అక్కడే చిరుగుతుంది. మడత గీతలు తెల్లగా తేలినా వదిలేయండి. కొన్నాక గంజి పెట్టకుండా దాచండి, రెండు మూడు నెలలకోసారి మడత మార్చండి. సెంటు జరీ మీద పడనివ్వకండి, జరీలోని వెండి నల్లబడుతుంది.

ఆ వెండి కోసమే "పాత పట్టుచీరలు కొంటాం" అని వీధి వీధీ తిరుగుతారు. కొన్న చీర జరీని కాల్చి వెండి తీస్తారు. బాడీ పోయినంత మాత్రాన అలాంటి అంచును నిప్పుల్లో వేయడం తలుచుకుంటేనే కడుపు రగిలిపోతుంది. దయచేసి వాళ్లకివ్వకండి. ఇంట్లో ఎవరికీ వద్దంటే, కట్టుకునేవాళ్లను వెతికి ఇవ్వండి.

నాకు ఇవి రోజువారీ చీరలుగా సరిపోయాయి. నా పని ఎక్కువగా నిలబడి చేసేది, కాలేజీ ఇంటికి దగ్గర, పైగా నేను పొట్టి. నా దగ్గరున్న పాతవాటిలో చాలావాటికి పన్నా (వెడల్పు) తక్కువ. పొడుగువాళ్లకు చీలమండ పైకే ఆగిపోతుంది. బండి వెనక కూర్చుని వెళ్లేవాళ్లకు, చంటిపిల్లల్ని ఎత్తుకుని తిరిగేవాళ్లకు రోజూ కట్టమని నేను చెప్పలేను. వాళ్లు బాడీ గట్టిగా ఉన్న ఒక్క చీర ఎంచుకుని, ఒక సెలవు రోజు ఇంట్లో కట్టుకుని, నాలుగుసార్లు కింద కూర్చుని లేచి చూసుకోవడం మంచిది.