ఎల్‌టీస్పైస్‌లో సొంత పార్టులు: ఏళ్ల తరబడి వాడాక

ఎల్‌టీస్పైస్ అంటే సర్క్యూట్‌ను కట్టకముందే కంప్యూటర్‌లో నడిపి చూసే సాఫ్ట్‌వేర్. దాని లైబ్రరీలో సిగ్నల్ పెంచే ఆప్ ఆంప్ చిప్‌లకు కొదవ లేదు, రెగ్యులేటర్ చిప్‌లకు అసలే లేదు. కానీ మన చేతిలో రోజూ పడే 12 వోల్టుల రిలే (కాయిల్‌లో కరెంటు పారితే కాంటాక్టును మూసే స్విచ్) మాత్రం నేను వాడిన వెర్షన్లలో కనపడలేదు. స్విచ్ ఉంది, ఇండక్టర్ ఉంది. ఆ రెండూ కలిపి రిలే చేసుకోవడం మన పని.

నేను కావలి, అల్లూరు వైపు రొయ్యల గుంటలకు ఏరియేటర్ (నీటిలో గాలి కలిపే యంత్రం) ప్యానెళ్లు కడుతుంటాను. రాత్రి వోల్టేజీ పడిపోయి రిలే టకటకా కొట్టుకుందంటే మోటారును నడిపే పెద్ద స్విచ్, అంటే కాంటాక్టర్, కాలుతుంది, తెల్లారేసరికి గుంటలో ఆక్సిజన్ ఉండదు. "ఏందబ్బయా, ప్యానెల్ కట్టింది నువ్వే గదా" అని రైతు ఫోన్ చేసేలోపే, సప్లై ఎంతకి పడితే రిలే వదిలేస్తుందో తెలిసుండాలి. సొంత పార్టుల జోలికి నేను వచ్చింది అందుకే.

పార్టు అంటే ఇందులో రెండు ఫైళ్లు. ఒకటి బొమ్మ, అంటే సింబల్. రెండోది లోపల ఏముందో చెప్పే సబ్‌సర్క్యూట్, మామూలు టెక్స్ట్ ఫైలే. చాలామంది బొమ్మ దగ్గరే గంటలు గడిపేస్తారు. దానికంత అవసరం లేదు. టెక్స్ట్ ఫైలును ఎల్‌టీస్పైస్‌లోనే తెరిచి, సబ్‌సర్క్యూట్ పేరున్న లైను మీద రైట్ క్లిక్ చేస్తే సింబల్ తయారుచేసే ఆప్షన్ వస్తుంది. వచ్చేది ఉత్త డబ్బానే, అందం చందం ఉండవు. అయితే పిన్నుల వరుస మాత్రం తప్పదు, నాకు అది చాలు. బొమ్మను చేత్తో గీస్తే ఆ వరుస మనమే చూసుకోవాలి. కాయిల్ పిన్ను, కాంటాక్టు పిన్ను తారుమారైనా సాఫ్ట్‌వేర్ నోరు మెదపదు. పిన్నుల లెక్క తేడా వస్తేనే ఎర్రర్ ఇస్తుంది. ఈ విషయంలో దీనికి నేను మంచి మార్కులు వేయను.

అసలు శ్రమంతా మోడల్‌లో ఉంది. సాధారణ 12 వోల్టుల చిన్న రిలే కాయిల్ 400 ఓమ్‌ల దాకా ఉంటుంది. 9 వోల్టులకల్లా పట్టుకోవాలని, 1.2 వోల్టులకు దిగేసరికి వదిలేయాలని కంపెనీ ఇచ్చే వివరాల కాగితం, అంటే డేటాషీట్, రాస్తుంది. కాయిల్ వోల్టేజీ చూసి తిరిగే స్విచ్ పెడితే సులువే, కానీ అది అబద్ధం చెబుతుంది. ట్రాన్సిస్టర్ ఆఫ్ కాగానే కాయిల్ మీద వోల్టేజీ తిరగబడుతుంది. కరెంటు మాత్రం కాయిల్‌కు అడ్డంగా పెట్టే ఫ్లైబ్యాక్ డయోడ్ గుండా ఇంకొంత సేపు తిరుగుతూనే ఉంటుంది, నిజమైన రిలే ఆ కాసేపూ పట్టుకునే ఉంటుంది. అందుకే కరెంటు చూసి తిరిగే స్విచ్ వాడాలి. పై లెక్క ప్రకారం 22.5 మిల్లీఆంపులకు పట్టు, 3 మిల్లీఆంపులకు విడుపు. ఎల్‌టీస్పైస్ వీటిని నేరుగా అడగదు, నడిమి విలువ 12.75 మిల్లీఆంపులు, అటూ ఇటూ 9.75 మిల్లీఆంపులు అని రాయాలి. డేటాషీట్‌లోవి హద్దులు మాత్రమే కాబట్టి, చేతిలోని రిలేను పవర్ సప్లై మీద పెట్టి, వోల్టేజీ మెల్లగా పెంచి, దించి కొలుచుకోవడం మేలు.

ఇంకో గోతి ఉంది. ఎల్‌టీస్పైస్‌లో విలువ పక్కన రాసేది పెద్ద ఎం అయినా, చిన్న ఎం అయినా మిల్లీయే. తెరిచిన కాంటాక్టుకు 100 మెగా ఓమ్‌లు ఇవ్వాలంటే మెగ్ అని పూర్తిగా రాయాలి. ఒట్టి ఎం రాస్తే అది 0.1 ఓమ్ అవుతుంది. తెరిచిన కాంటాక్టు మూసినట్టే నడుస్తుంది, ఎర్రరూ రాదు.

నీటి ఉష్ణోగ్రత చూసే థర్మిస్టర్‌కు ఇంత తతంగం లేదు. మామూలు రెసిస్టర్ విలువ దగ్గరే సూత్రం రాసేయొచ్చు, బొమ్మ కూడా అక్కర్లేదు.

సొంత ఫైళ్లను సర్క్యూట్ ఉన్న ఫోల్డర్‌లోనే ఉంచుతాను. సాఫ్ట్‌వేర్ సొంత లైబ్రరీలో కలిపి రాస్తే అప్‌డేట్‌లో కొట్టుకుపోయే ప్రమాదం ఉంది. ఒకే ఫోల్డర్‌లో ఉంటే పెన్‌డ్రైవ్‌లో పట్టుకెళ్లి ఇంకో ల్యాప్‌టాప్‌లోనూ తెరవచ్చు. బయట కంపెనీలిచ్చే మోడళ్లు చాలావరకు పనిచేస్తాయి, వేరే సిమ్యులేటర్ కోసం తాళం వేసి ఇచ్చినవి మాత్రం పనికిరావు.

ఎల్‌టీస్పైస్ ఉచితం, పాత ల్యాప్‌టాప్‌లోనూ చకచకా నడుస్తుంది. రూపం మాత్రం ఎప్పుడో పాత కాలం నాటిది. మైక్రోకంట్రోలర్ ప్రోగ్రామును ఇందులో నడపాలనుకునే ఇంజినీరింగ్ పిల్లలు ప్రోటియస్ లాంటి వేరే సిమ్యులేటర్ చూసుకోవాలి. నాకైతే మైక్రోకంట్రోలర్ పిన్ను స్థానంలో ఒక పల్స్ సోర్సు సరిపోతుంది.

ఏరియేటర్ మోటారును సొంత పార్టుగా చేసే పని మాత్రం నేను పెట్టుకోను. నాచు చుట్టుకున్న చక్రం ఎంత లోడు లాగుతుందో ఏ డేటాషీట్‌లోనూ దొరకదు. దానికి క్లాంప్ మీటరు తీసుకుని గుంట గట్టుకు వెళ్లడమే దగ్గర దారి.