11 ఏళ్లుగా నడుపుతున్న ట్రాలీ ఆటో: కొనాలనుకునేవాళ్లకు

2014 డిసెంబరులో ఫైనాన్స్ మీద కొన్నాను. డీజిల్ బండి, ఒకటే సిలిండర్, అర టన్ను లోడు. కంపెనీ పేరు రాయను. ఈ రకం బండ్లకు వచ్చే సుఖాలు, తిప్పలు ఎక్కువ తక్కువ ఒక్కటే. మాది నకిరేకల్ దగ్గరి ఊరు. రెండెకరాల నిమ్మతోట ఉంది. మా కాయ, పక్క తోటల కాయ మార్కెట్‌కు వేస్తాను, మిగతా రోజుల్లో కిరాయికి తిప్పుతాను.

మైలేజీ సంగతి తర్వాత. ముందు ఈ బండి వల్ల ఏం మారిందో చెప్పాలి.

బండి లేనప్పుడు బేరగాడే తోట కాడికి వచ్చేవాడు. చెట్ల మధ్య ఒక చుట్టు తిరిగి, రెండు కాయలు చేతిలో నలిపి రేటు చెప్పేవాడు. కాదంటే పక్క తోటకు నడిచిపోయేవాడు. నిమ్మకాయ మన కోసం ఆగదు. పచ్చగా, గట్టిగా ఉన్నప్పుడు ఒక ధర, పసుపు తిరిగి మెత్తబడితే ఇంకో ధర. అందుకే సాయంత్రానికి మా నాయనే ఆయన ఇంటికి పోయి "సరే, నువ్వన్నదే కానియ్" అని వచ్చేవాడు. మార్కెట్‌లో అమ్ముకోవచ్చని మాకు తెలియక కాదు. నాలుగు బస్తాలు అక్కడిదాకా ఎట్లా చేర్చాలి? బస్సు టాప్ మీద ఒకటి రెండు పోతాయి. టీవీఎస్ ఎక్సెల్ మీద రెండు, మూడోది వేస్తే బండి ముందుకు పోదు.

ఇప్పుడు ఏడెనిమిది మంది రైతుల బస్తాలు కలిపి ఒక్క ట్రిప్పులో వేస్తాను. ఎవరివి ఎవరివో తెలియడానికి మూతికి కట్టే దారం రంగు వేరు. మా కాకది ఎర్ర దారం. వేలం మొదలయ్యేలోపు బస్తాలు దిగాలి, అదొక్కటే టెన్షన్.

బేరగాడు ఇప్పటికీ వస్తాడు. కానీ మా కాక ఆయన ముందే ఫోన్ తీసి, "తమ్మీ, పొద్దుగాల బండి ఖాళీనేనా?" అని అడుగుతాడు. ఖాళీనే అంటాను. అంతే, బేరగాడు చెప్పిన రేటు కాస్త పైకి జరుగుతుంది. ఎన్నోసార్లు కాయ అక్కడే అమ్ముడుపోయి, నాకు కిరాయి లేకుండా పోయింది. బండి ఇంటి ముందు నుంచి కదలకుండానే పని చేసిందన్నమాట! ఈ లెక్క ఏ షోరూంలోనూ చెప్పరు.

2022 ఏప్రిల్‌లో బజారులో ఒక్కో నిమ్మకాయ పది రూపాయలు పలికినప్పుడు, ఒక్క బస్తా ఉన్నవాళ్లు కూడా తెల్లవారుజామున ఫోన్ చేశారు. రేటు పడిపోయిన సీజన్లలో మాత్రం కోత కూలికే సరిపోని డబ్బు చేతికొచ్చిన రైతును కిరాయి అడగాలంటే నోరు రాదు. నా నోటుబుక్కులో అలాంటి బాకీలు ఇంకా ఉన్నాయి.

ఇక బండి తప్పులు. మొదటిది ముందు చక్రం. వెనక బరువెక్కువై కాలువ గట్టు ఎక్కితే ముందు చక్రం నేల మీద నుంచి లేస్తుంది. రెండో ఏడు ఒకసారి ఇరవై బస్తాలతో అట్లాగే లేచింది. హ్యాండిల్ చేతిలో ఉంది కానీ ఎటు తిప్పినా బండికి తెలియడం లేదు. వెనక నడిచొస్తున్న కాక "బస్తాలు ముందటికి జరపమని చెప్పిన్నా లేదా!" అని అరిచాడు. అప్పటి నుంచి బరువు బస్తాలన్నీ క్యాబిన్‌ను ఆనించే వేస్తాను.

రెండోది వణుకు. రెండు గంటలు నడిపితే అరచేతులు తిమ్మిరెక్కుతాయి, రాత్రి అన్నం కలుపుతున్నా వేళ్లలో ఇంజినే తిరుగుతుంది. మూడోది హైవే. 65వ నంబరు జాతీయ రహదారి మీద కట్టంగూరు వైపు పోతుంటే లారీ దాటిన ప్రతిసారీ దాని గాలికి బండి పక్కకు జరుగుతుంది. మూడు చక్రాలకు టోల్ లేదు, ఉన్న సుఖం అదొక్కటే.

కొత్తలో లీటరుకు 30 కిలోమీటర్ల దాకా ఇచ్చింది. ఇప్పుడు లోడుతో 22 వస్తే సంతోషం. కొన్నప్పుడు డీజిల్ అరవై లోపే, ఇప్పుడు 95 పైన. కిరాయి మాత్రం ఆ లెక్కన పెరగలేదు. ఇంజిన్ రెండుసార్లు బోరుకు (అరిగిన సిలిండర్ సాపు చేసి పిస్టన్ మార్చే పనికి) ఇచ్చాను. రెండోసారి ఒక షాపువాళ్లు డూప్లికేట్ పిస్టన్ అంటగట్టారు, నెలకే పొగ మొదలైంది. ఎనిమిదేళ్లు దాటాక ఫిట్‌నెస్ ఏటేటా చేయించాలి, ఆ రోజు కిరాయి పోయినట్టే.

నిజానికి బండిని తినేది ఊరి రోడ్డు కాదు. 2000లో గ్రామ సడక్ యోజన మొదలయ్యాక ఊళ్లకు బీటీ రోడ్లు పడ్డాయి, మా ఊరికీ వచ్చింది. నాలుగు కిలోమీటర్లు పది నిమిషాల్లో పోతాను. తోట నుంచి ఆ రోడ్డెక్కే ఒక్క కిలోమీటరు మట్టి బాటకు ఇరవై నిమిషాలు. వానాకాలంలో బస్తాలు నెత్తిన మోసి రోడ్డు దాకా తేవాల్సిందే, మోసినవాళ్లకు వేరే కూలి. స్ప్రింగ్ పట్టీలు విరిగిందీ ఆ కిలోమీటరులోనే.

మనుషులను మాత్రం ఎక్కించుకోను. పత్తి ఏరే రోజుల్లో అడుగుతారు, కాదంటే కోపం కూడా వస్తుంది. 2018 ఏప్రిల్‌లో మన జిల్లాలోనే వద్దిపట్ల దగ్గర కూలీల ట్రాక్టర్ కాలువలో పడ్డాక నాకు ధైర్యం చాల్లేదు. 2023 డిసెంబరులో ఆడవాళ్లకు బస్సు ఫ్రీ అయ్యాక అడగడం తగ్గింది. కానీ బస్సు పోని తోటలు ఇంకా ఉన్నాయి.

కిరాయి మిగిలేది పోయేటప్పుడు కాదు, వచ్చేటప్పుడు. ఎరువు బస్తాలో, సిమెంటో, పెళ్లిళ్లకు టెంట్ సామానో దొరికితే డీజిల్ ఖర్చు పోగా చేతికి నాలుగు పైసలు. ఖాళీగా వస్తే ఆ పూట మార్కెట్‌కు ఊరికే పోయొచ్చినట్టు.

పాతిక కిలోమీటర్ల లోపు పని, సొంత పంట కొంత ఉంటే తీసుకోండి. బాటసింగారం పండ్ల మార్కెట్ దాకా బత్తాయి వేద్దామని మాత్రం కొనకండి, దానికి నలుగురు కలిసి డీసీఎం (చిన్న లారీ) మాట్లాడుకోవడమే మేలు. సెకండ్ హ్యాండ్ అయితే ట్రాలీ కింద పడుకుని చాసిస్‌కు వెల్డింగ్ గుర్తులు చూడండి. పెయింట్ చూసి మోసపోయినవాళ్లు మా అడ్డా మీదే ఇద్దరున్నారు.

మా అబ్బాయి నాలుగు చక్రాల బండి తీసుకుందామంటున్నాడు. మొన్న స్నేహితుడిది ఒకటి తెచ్చి చూపించాడు కూడా. కాక తోట మలుపు దగ్గర మూడుసార్లు ముందుకీ వెనక్కీ తీశాడు, తిరగలేదు. ఇంకో రెండు ఫిట్‌నెస్‌ల దాకా దీంతోనే నడిపిస్తాను.