హస్కీ ఉన్నవాళ్లు ఆ పచ్చి మాంసం ప్యాకెట్లు కొనకండి

మా హస్కీ కుక్క మంచు ఇప్పుడే సెలైన్ పెట్టించుకుని వచ్చి కూలర్ ముందు పడుకుంది. అది లేచేలోపు ఇది రాసేయాలి.

తోడేలు బొమ్మ పెట్టుకుని, కుక్కలకు పచ్చి మాంసమే సహజ ఆహారం అంటూ రోజూ వీడియోలు పెట్టే హైదరాబాద్ ఆయన మీలో చాలామందికి తెలుసు. పేరు రాయను. ఎండలు ముదిరాక మంచు తిండి తగ్గించింది. ఎండాకాలం హస్కీలు తక్కువే తింటాయని నాకు తెలుసు, అయినా టెన్షన్ పడి ఆయనకు ఫోన్ చేశాను. నెలకు సరిపడా ప్యాకెట్లు, 4,800 రూపాయలు, మొత్తం ముందే కొట్టాలన్నాడు. నూటికి ఎనభై వంతులు కండ, పది ఎముక, పది కార్జం, ఇతర లోపలి భాగాలు అని లెక్క చెప్పాడు. గడ్డకట్టించి, ఐసు వేసి పంపిస్తానన్నాడు. డబ్బులు పడేదాకా ప్రతి మాటకూ అక్కా, అక్కా.

ఆదివారం మధ్యాహ్నం నల్గొండ బస్టాండులో పార్సిల్ తీసుకున్నాను. థర్మోకోల్ డబ్బా అడుగున తడి. ఇంటికి తెచ్చి తెరిస్తే ఐసు ముక్క ఒక్కటి లేదు. ప్యాకెట్లు మెత్తగా, రక్తపు నీళ్లలో తేలుతున్నాయి. కండ కంటే కోడి స్కిన్, ఊపిరితిత్తుల ముక్కలే ఎక్కువ. మా అమ్మ వంటింట్లోంచి వచ్చి ఒకటే మాట అన్నది: "ఇది నీచు వాసన కాదు బిడ్డా, మురిగిన వాసన. పారెయ్యి."

అమ్మ మాట విని ఉంటే అక్కడితో అయిపోయేది. నేను ఆయనకు ఫోన్ చేశాను.

"ఏం కాదు మేడం, వెయ్యండి. హస్కీ కడుపు ఇనుప కడుపు. తోడేలుకు ఎవరన్న ఫ్రిజ్ కొనిపెడ్తరా?" అన్నాడు. వాసన వస్తోందని మళ్లీ చెప్పాను. "మీకు వాసన, దానికి రుచి. మళ్ల ఫ్రీజర్ల పెట్టండి, క్రిములు చచ్చిపోతయి" అని పెట్టేశాడు.

నేను బడిలో పిల్లలకు సైన్స్ చెబుతాను. చలికి సాల్మొనెల్లా లాంటి క్రిములు చావవు, పెరగడం ఆగుతుందంతే. కరిగిన మాంసాన్ని మళ్లీ గడ్డకట్టిస్తే అందులో పెరిగినవి అందులోనే ఉంటాయి. ఈ పాఠం చెప్పే నేనే ఆ సాయంత్రం ఒక ప్యాకెట్ విప్పి దాని గిన్నెలో వేశాను. అది నా ముఖం చూసి, తోక ఊపి తిన్నది. నేను పెట్టాను కాబట్టి తిన్నది. ఆ ఒక్కటి నన్ను పడుకోనివ్వడం లేదు.

సైబీరియాలో చుక్చీ అనే తెగవాళ్లు ఈ కుక్కలకు సీల్ అనే సముద్ర జంతువు మాంసం, చేపలు వేసేవాళ్లు. నిజమే. ఆ చలిలో ఊరంతా ఫ్రిజ్ లాంటిదే. మా దగ్గర ఆ రోజు 44 డిగ్రీలు. ఆ మాంసం మూడు గంటలు బస్సులో వచ్చింది, అంతకుముందు ఎక్కడ ఎంతసేపు ఉందో ఆయనకే తెలియాలి.

రాత్రి రెండింటికి వాంతులు మొదలైనయి. తెల్లారేసరికి రక్తం కలిసిన విరేచనాలు. పంతొమ్మిది కిలోల కుక్క, లేవలేక నా ఒళ్లో తల పెట్టింది. వీడియో తీసి ఆయనకు పంపించాను. చూశాడు. ఒక్క మెసేజ్ పెట్టాడు: "మీ ఇంట్ల నీళ్లు మంచిగ లేవేమో చూసుకోండి." తర్వాత బ్లాక్ చేశాడు. డబ్బు పోతే పోయింది, వైద్యానికి ఇంకో 6,500 అయింది, అదీ సరే. కుక్క ఎట్లుంది అని ఒక్క మాట అడగలేదు.

ఆయన ఉచితంగా ఇచ్చిన కాల్షియం పొడి కూడా డాక్టర్‌కు చూపించాను. రోజుకు రెండు చెంచాలు వెయ్యమన్నాడని చెబితే వెంటనే ఆపేయమన్నారు. హస్కీ, మాలమ్యూట్ జాతుల్లో కొన్నింటికి జింక్ సరిగా ఒంటబట్టదట, కాల్షియం ఎక్కువైతే అది ఇంకా అడ్డుపడుతుందట. కళ్ల చుట్టూ, మూతి చుట్టూ పొక్కులు కట్టి వెంట్రుకలు ఊడుతుంటే జింక్ లోపమేమో చూపించుకోమన్నారు. ఈ పొడి మీ దగ్గరా ఉంటే డాక్టర్‌ను అడగకుండా వెయ్యకండి.

పచ్చి మాంసం పెట్టాలనుకునేవాళ్లు కనీసం డబ్బా బస్టాండులోనే తెరిచి చూడండి, మెత్తబడి ఉంటే తీసుకోకండి. ఇంట్లో చిన్నపిల్లలు, ముసలివాళ్లు ఉంటే అసలు వద్దు, ఆ క్రిములు గిన్నె నుంచి, కుక్క మూతి నుంచి వాళ్లకూ అంటుతాయి. మంచుకు ఇప్పుడు ఉప్పు లేకుండా ఉడికించిన చికెన్, అన్నమే పెడుతున్నాను. పొద్దున రెండు ముద్దలు తిన్నది.

గురువారం మిర్యాలగూడకు, మహబూబ్‌నగర్‌కు మళ్లీ డబ్బాలు పంపుతున్నానని ఆయన నిన్న స్టేటస్ పెట్టాడట, మా చెల్లె చూసి చెప్పింది. ఆర్డర్ ఇచ్చినవాళ్లు ఎవరైనా ఉంటే ఈ రాత్రికే ఫోన్ చేసి ఆపించండి.