మూడు రోస్టర్లు, తొమ్మిదేళ్లు: గని ఉద్యోగంలో ఇంటికి మిగిలేది ఎంత?

కాపురం పెర్త్‌లో, ఉద్యోగం పశ్చిమ ఆస్ట్రేలియా ఉత్తరాన పిల్బరా ఇనుప గనుల్లో. విమానమెక్కి వెళ్లి, అక్కడి క్యాంపులో ఉంటూ రోజుకు 12 గంటలు పనిచేసి, మళ్లీ విమానమెక్కి ఇంటికి రావడం. ఇక్కడ దీన్ని ఫైఫో అంటారు. ఎన్ని రోజులు పని, ఎన్ని రోజులు సెలవు అని చెప్పే పట్టికను రోస్టరంటారు. ఎలక్ట్రికల్ విభాగంలో ఈ తొమ్మిదేళ్లలో మూడు రకాల రోస్టర్లు చేశాను. కొత్తగా చేరబోయే మనవాళ్లు ఫోను చేసి జీతమెంత అని అడుగుతారు. రోస్టరు సంగతి చివర్లో, ఫోను పెట్టేసే ముందు గుర్తొస్తుంది.

మొదట చేసింది 4:1, అంటే నాలుగు వారాల పనికి ఒక వారం సెలవు. పోర్ట్ హెడ్లాండ్ దగ్గర నిర్మాణపు పని. 28 రోజులు అక్కడ, 7 రోజులు ఇక్కడ. సగటున వారానికి 67 గంటల పని. ఇల్లు కొనడానికి డిపాజిట్ కూడింది అప్పుడే, కాదనను. కానీ ఆ ఏడు రోజుల్లో మొదటిది నిద్రకు, చివరిది బ్యాగు సర్దుకోవడానికి, చిరాకుకు పోయేవి. మిగిలిన ఐదింట్లో కారు సర్వీసు, పళ్ల డాక్టరు, బ్యాంకు. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా ఆ తీరానికి తుపానుల కాలం. ఒకసారి విమానాలు ఆగిపోయి, నా ఏడు రోజుల్లో రెండు క్యాంపులోనే గడిచాయి. తిరిగి వెళ్లాల్సిన తేదీ మాత్రం ఒక్క రోజు కూడా జరగలేదు.

క్యాంపులో మేముండే గదిని డోంగా అంటారు. మంచం, ఏసీ, చిన్న ఫ్రిజ్, పక్కనే స్నానాల గది. 'డోంగాలో ఉంటున్నానమ్మా' అంటే విజయవాడలో మా అమ్మకు 'దొంగ' అని వినిపించి, చాలా రోజులు ఆ మాట బయట ఎవరి దగ్గరా ఎత్తనివ్వలేదు.

తరువాత 2:1. పద్నాలుగు రోజుల పని, ఏడు రోజుల సెలవు. కాగితం మీద ఏడాదికి 121 రోజులు ఇంట్లో ఉండాలి. అసలు కిటుకు షిఫ్టుల్లో ఉంది. మొదటి వారం పగలు, రెండో వారం రాత్రి. చివరి రాత్రి షిఫ్టు దిగి నేరుగా విమానాశ్రయానికి. ఇంటికి చేరాక కూడా శరీరం గని గడియారం మీదే నడిచేది. అర్ధరాత్రి రెండింటికి ఆకలి, మధ్యాహ్నం భోజనాల వేళ గాఢనిద్ర. మూడు రోజులు అలా పోగా మిగిలినవి నాలుగు. ఏడాది మొత్తం మీద ఆ లెక్క కడితే 70 దగ్గర తేలింది. అంటే 4:1లో కాగితం మీద కనిపించే 73 కన్నా తక్కువ! రాత్రి షిఫ్టు వల్ల లాభపడింది మా అమ్మ ఒక్కతే. భోజన విరామం అర్ధరాత్రి, అప్పుడు విజయవాడలో తొమ్మిదిన్నర. తీరిగ్గా మాట్లాడుకునేవాళ్లం.

మూడు వారాలకు ఒక శనివారమే ఇంట్లో ఉండేవాణ్ని. పాప కూచిపూడి క్లాసు శనివారాల్లోనే. ఒకసారి తనను దింపడానికి వెళ్తే, లోపలికి పంపేముందు టీచరు నన్ను ఎవరని అడిగింది.

ఇప్పుడు చేస్తున్నది 8:6, నాలుగేళ్లుగా. ఇవి వారాలు కావు, రోజులు: ఎనిమిది రోజుల పని, ఆరు రోజుల సెలవు. న్యూమన్ దగ్గరి గని, పగటి షిఫ్టే. రోడ్డున వెళ్తే సుమారు 1,200 కిలోమీటర్లు, విమానంలో రెండు గంటలకు లోపే. మంగళవారం తెల్లవారుజామున వెళ్తాను, పై మంగళవారం రాత్రికి ఇంట్లో ఉంటాను. జీతం తగ్గింది. ఏడాదికి 52 విమానాలు ఎక్కాలి, తెల్లవారుజామున మూడున్నరకు లేవడం ఇప్పటికీ అలవాటు కాలేదు. అయినా నా ఓటు దీనికే. పద్నాలుగు రోజుల చక్రం కాబట్టి వారాలు మారవు. పండక్కి ఉంటానో లేదో జనవరిలోనే తెలిసిపోతుంది. ఫ్రిజ్ తలుపు మీది క్యాలెండరులో మా ఆవిడ నేనుండే రోజులకు పసుపు రంగు వేస్తుంది, బడి మీటింగులు చూసుకుని ఆ పసుపులో ఇరికిస్తుంది.

ఇంటికి రాగానే అంతా సుఖమని కూడా అనుకోవద్దు. నేను లేనప్పుడు ఇల్లు ఒక పద్ధతిలో నడుస్తుంటుంది, నేను వచ్చి దాన్ని చెడగొడతాను. "మీరు వచ్చారని తెలియడానికి మిమ్మల్ని చూడక్కర్లేదు, పోపుల డబ్బా తీస్తే చాలు. ఆవాల గిన్నెలో జీలకర్ర ఉంటుంది" అంటుంది ఆవిడ. ఎర్రమట్టి పట్టిన పని బట్టలను మిగతా బట్టలతో కలిపి వాషింగ్ మెషీన్‌లో వేసి, తెల్ల దుప్పటిని గులాబీ రంగుకు తెచ్చిన ఘనత కూడా నాదే.

2019లో పశ్చిమ ఆస్ట్రేలియా ప్రభుత్వం తెచ్చిన మార్గదర్శకాలు, పని రోజులూ సెలవు రోజులూ సమానంగా ఉండే 2:2 లాంటివి, లేదంటే 8:6 లాంటి చిన్న రోస్టర్లు మానసిక ఆరోగ్యానికి మేలంటున్నాయి. నాకూ ఈమధ్య 2:2లో, అంటే రెండు వారాల పని, రెండు వారాల సెలవుతో, ఒక ఉద్యోగం ఇస్తామని ఉత్తరం వచ్చింది. వారానికి సగటున 42 గంటలు, ఏడాదిలో సగం ఇంట్లోనే. ఇంతకన్నా ఏం కావాలని ఆ రాత్రి పాపకు చెప్పాను. అది క్యాలెండరు దగ్గరికి వెళ్లి పెన్సిలుతో ఒక్కో గడీ లెక్కపెట్టింది. ఎనిమిది దగ్గర ఆగి నా వైపు చూసింది. పద్నాలుగు దాకా వెళ్లి, "ఇన్ని రోజులు రావా నాన్నా?" అంది.

ఆ ఉత్తరానికి శుక్రవారంలోగా జవాబివ్వాలి.